మనకు మందు... పిల్లికి విషం!

పెరడు ఉన్న రోజులలో ఔషధ మొక్కకూ ఇంట తిరిగే మూగజీవానికీ మధ్య కొంత దూరం ఉండేది. కలబంద గోడ వారన, నల్లేరు కంచె మీద, జెముడు చేను గట్టున దడిగా పెరిగేవి. కుక్క వీధి గుమ్మంలో పడుకొనేది. పిల్లి ఎలుకల వెంట అటకల మీద కాలం గడిపేది. ఈనాడు అపార్ట్‌మెంటులో ఆ దూరం లేదు. నాలుగడుగుల బాల్కనీలో పది కుండీలు, హాలులో మరి నాలుగు. వాటి మధ్యనే బయటకు పోయే దారి లేక, తోచక ఆకులు కొరికే పిల్లి, పళ్లు వచ్చే వయసులో కనిపించినదల్లా నమిలే కుక్కపిల్ల.

నా వద్దకు సలహా కోసం వచ్చే గృహస్థులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. "నీరు ఎక్కువ అడగని సక్యులెంట్లు పెంచుకోవడం మేలా, పచ్చని ఆకుల మొక్కలు మేలా? దేని వలన ఆరోగ్యానికి ఎక్కువ లాభం?" దీనికి నేను మరొక ప్రశ్నతోనే బదులు చెబుతాను. మీ ఇంట్లో ఆకు నమిలేవారు ఎవరైనా ఉన్నారా? పాకే పసిపాప గాని, పిల్లి గాని, కుక్క గాని ఉంటే ఎంపిక అక్కడి నుండే మొదలు కావాలి. ఎందుకనగా సక్యులెంట్లన్నీ మంచివి, ఆకుమొక్కలన్నీ చెడ్డవి అనే విభజన ఏదీ లేదు. ప్రాణం తీసేవీ నిరపాయమైనవీ రెండు తెగలలోనూ ఉన్నవి. అన్నిటికంటె ముఖ్యంగా, "ఇది మూలిక గదా, హాని చేయదు" అనే నమ్మకం మూగజీవాల విషయంలో తలకిందులవుతుంది. మందుగా పనిచేసే గుణం ఉన్నది కనుకనే అది నాలుగు కిలోల పిల్లికి విషం కాగలదు.

రాత్రి ప్రాణవాయువు సంగతి

ముందుగా లాభాల విషయం తేల్చుకుందాము. సక్యులెంటు అనగా ఆకులో గాని కాండంలో గాని నీటిని దాచుకొనే కండగల మొక్క. మండుటెండలో పత్రరంధ్రాలు తెరిస్తే దాచుకున్న నీరు ఆవిరైపోతుంది. కనుక ఈ జాతి మొక్కలు చాలా వరకు పగలు వాటిని మూసుకొని, రాత్రి చల్లబడిన తరువాత తెరిచి బొగ్గుపులుసు వాయువును పీల్చి ఆమ్లరూపంలో నిలువ చేసుకుంటవి. తెల్లవారిన తరువాత వెలుతురు సాయంతో దానిని ఆహారంగా మార్చుకుంటవి.

ఈ రహస్యానికి తొలి ఆధారాలలో ఒకటి మనకు బాగా తెలిసిన రణపాల ఆకు. గోదావరి సీమలోని సామర్లకోట వనంలో రాక్స్‌బర్గ్ తరువాత బాధ్యతలు చూసిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ హేన్, ఈ ఆకు ఉదయం పుల్లగా ఉండి, పొద్దెక్కేకొద్దీ ఆ పులుపు పోతున్నదని గమనించాడు. ఆ సంగతి 1815లో లండనులోని లిన్నేయన్ సొసైటీ సంపుటంలో అచ్చయింది. రాత్రి చేరిన ఆమ్లమే ఆ పులుపు.

దీనిని బట్టి ఒక ప్రచారం ఎంత నిజమో తెలుస్తుంది. స్నేక్ ప్లాంటు, కలబంద రాత్రివేళ ప్రాణవాయువు విడుస్తాయి కనుక పడకగదిలో పెట్టుకోవాలని చెబుతుంటారు. రాత్రి అవి పీల్చేది బొగ్గుపులుసు వాయువు. ప్రాణవాయువు వెలువడేది వెలుతురు ఉన్నప్పుడే. పైగా ఒకటి రెండు కుండీల వలన గది గాలిలో కలిగే మార్పు లెక్కలోనికి రాదు. గాలిని శుద్ధి చేస్తాయనే మాటకు మూలం 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ప్రచురించిన ప్రయోగాలు. అవి గాలి చొరబడని చిన్న పెట్టెలలో జరిపినవి. మన ఇళ్లు అటువంటివి కావు. 2019లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అంతకు ముందు జరిగిన ప్రయోగాలన్నిటినీ లెక్కగట్టి, మామూలుగా గదిలో ఆడే గాలి చేసే పనిని మొక్కలు చేయాలంటే ప్రతి చదరపు మీటరుకు 10 నుండి 1000 మొక్కలు కావాలని తేల్చారు. కిటికీ తెరవడమే సులువు. కంటికి పచ్చదనం, మనసుకు నెమ్మది, చేతికి ఒక పని, కొన్ని మొక్కల వలన ఇంటి వైద్యం, ఇవే అసలు లాభాలు. అవి తక్కువేమీ కావు.

కలబంద: రెండు రసాల మొక్క

ఇంటింటా ఉండే సక్యులెంటు కలబంద. సంస్కృతంలో కుమారి. భావమిశ్రుడు తన నిఘంటువులో దీనిని శీతలమనీ, తిక్తరసం గలదనీ, భేదని, అనగా మలాన్ని కదిలించి వెడలించునదనీ వర్ణించాడు. ఈ మొక్కలో రెండు రసాలున్నవని చాలామంది గమనించరు. ఆకు మధ్యనున్న తేటగుజ్జు ఒకటి. పచ్చని తోలుకు ఆనుకొని ఉండే పసుపురంగు చేదు సొన రెండవది. ఈ సొనను ఎండబెడితే వచ్చేదే ముసాంబరం. ఇందులోని అలోయిన్ అనే పదార్థం పేగులను గట్టిగా కదిలిస్తుంది. అమెరికాలో వైద్యుని చీటీ లేకుండా అమ్మే విరేచన మందులలో దీనిని 2002లో నిషేధించారు. గర్భిణులు కలబందను లోపలికి తీసుకొనరాదని మన వైద్యులు చెబుతూ వచ్చినదీ ఈ సొనను దృష్టిలో ఉంచుకొనే.

కుక్క, పిల్లి ఆకును కొరికినప్పుడు వాటికి ముందుగా తగిలేది గుజ్జు కాదు, తోలు కిందనున్న ఈ సొన. ఫలితం వాంతులు, విరేచనాలు, మగతగా పడి ఉండటం. పెద్ద కుక్కయితే ఒకటి రెండు రోజులలో తేరుకోవచ్చు. పిల్లపిల్లికి విరేచనాలతో ఒంట్లోని నీరు పోవడమే ప్రాణం మీదకు తెస్తుంది. కొందరు తమ ముఖానికి రాసుకున్న నమ్మకంతో కుక్క పుండు మీద కూడా ఆకును కోసి రుద్దుతారు. జంతువు ఆ చోటును నాకక మానదు. సొనతో సహా లోపలికి పోతుంది.

మనకోసం వాడుకునేటప్పుడు కూడా ఆకును మొదలుకు కోసి, కోసిన కొన కిందికి ఉండేట్లు ఒక గిన్నెలో పావుగంట నిలబెట్టి, పసుపు సొన కారిపోయిన తరువాత కడిగి, తోలు తీసి గుజ్జును మాత్రమే గ్రహించవలెను. చేయి కాలితే ముందు 20 నిమిషాలు కొళాయి నీటి ధార కింద ఉంచి, తరువాతనే గుజ్జు రాయవలెను. బొబ్బలు పెద్దవైతే వైద్యుని చూడవలసిందే. మిగిలిన తోళ్లను కుండీ మట్టిలో పడవేయక మూత ఉన్న చెత్తబుట్టలో వేయడం మంచిది. కుక్కలు వెదికి తినేవి అవే.

రణపాల: గుండెకు సంబంధించిన మాట

నాకు ఎక్కువ భయం కలిగించే మొక్క కలబంద కాదు, రణపాల. ఆకు అంచున కణుపు కణుపునకూ పిల్లలు పుట్టించే ఈ మొక్కను దెబ్బలకు, వాపులకు వేడిచేసి కట్టడం పాత అలవాటు. ఇటీవల మూత్రపిండాలలో రాళ్లు కరుగుతాయని రోజూ పరగడుపున ఆకులు నమిలే వారి సంఖ్య పెరిగింది. పాషాణభేది పేరిట కొన్నిచోట్ల దీనినే వాడుతున్నారు. శాస్త్రజ్ఞులు ఎక్కువగా అంగీకరించే పాషాణభేది హిమాలయాలలో పెరిగే బెర్జీనియా అనే వేరు మొక్క.

రణపాలలోనూ, పూలకోసం నర్సరీలలో అమ్మే చిన్న కలాంచో కుండీలలోనూ బుఫాడైఎనొలైడ్లు అనే పదార్థాలున్నవి. గుండెజబ్బుకు ఇచ్చే డిగాక్సిన్ మందు వలెనే ఇవి గుండె కండరం మీద పనిచేస్తాయి. ఆకులకంటె పూలలో వీటి పాలు ఎక్కువ. ఆస్ట్రేలియాలో ఈ జాతి మొక్కలు బీళ్లలో కలుపు వలె వ్యాపించి, పూత కాలంలో వాటిని మేసిన పశువులు చనిపోవడం అక్కడి రైతులకు తెలిసిన బాధ. అంత పెద్ద పశువునే పడగొట్టే పదార్థం ఇంటి పిల్లిని విడిచిపెడుతుందా? మొదట వాంతులు, చొంగ. మోతాదు ఎక్కువైతే నాడి లయ తప్పుతుంది. పిల్లి, కుక్క, కుందేలు ఉన్న ఇంటిలో రణపాల, కలాంచో ఉండకూడదని నేను నిష్కర్షగా చెబుతాను. ఎత్తున పెట్టినా ప్రయోజనం లేదు. ఆకు రాలిన చోటనే కొత్త మొక్క మొలుస్తుంది, రాలేది నేల మీదనే గదా. ఇక మనుషులలో గుండెమందులు వాడేవారు వైద్యుని అడగనిదే ఈ ఆకు నమలరాదు.

తక్కిన సక్యులెంట్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఆకుజెముడు ఆయుర్వేదంలో స్నుహి. చరక సంహిత కల్పస్థానంలో దీనికి ఒక అధ్యాయమే ఉన్నది, అత్యంత తీక్ష్ణమైన విరేచన ద్రవ్యంగా. దాని పాలు చర్మాన్ని పొక్కిస్తాయి, కంటిలో పడితే చూపుకే ప్రమాదం. ఇది ఫ్లాటులో పెంచదగినది కాదు. జేడ్ మొక్క తిన్న పిల్లులు, కుక్కలు వాంతులతో నీరసించి తూలుతాయి. ఏ పదార్థం వలన అన్నది ఇంకా తేలలేదు. స్నేక్ ప్లాంటు మన అడవులలో పెరిగే చాగకు దగ్గరి బంధువు. చాగ నారతో పూర్వం వింటినారులు పేనేవారు. ఇందులోని సాపొనిన్ల వలన వాంతులు, విరేచనాలు కలుగుతాయి గాని సామాన్యంగా ప్రాణాపాయం ఉండదు.

పిల్లల దగ్గుకు వాడే వామాకు కూడా కండగల ఆకే. దాని సువాసన తైలాలు మనకు కఫాన్ని కోస్తాయి. కుక్కకు, పిల్లికి మాత్రం కడుపు చెడగొడతాయి. (సందర్భం వచ్చినది కనుక ఒక మాట. ఏడాది నిండని బిడ్డకు వామాకు రసంలో తేనె కలిపి నాకించరాదు.) నల్లేరు సంగతి వంట చేసేవారికి చెప్పనక్కరలేదు. చేతులకు నూనె రాసుకోకుండా కణుపులు ఒలిస్తే దురద ఎంతసేపటికీ వదలదు.

దురద వెనుక సూదులు

ఆ దురద ఆకుమొక్కలను అర్థం చేసుకోవడానికి మంచి దారి. చామకూర, కంద సరిగా ఉడకకపోయినా, పులుపు పడకపోయినా గొంతు పట్టుకుంటుంది గదా. వాటిలో కాల్షియం ఆక్సలేట్ అనే పదార్థం కంటికి కనబడనంత సన్నని సూదుల రూపంలో కట్టలు కట్టలుగా ఉంటుంది. నమలగానే ఆ సూదులు నాలుకలో, అంగిలిలో గుచ్చుకుంటాయి. ఇంటింటా సీసాలో వేలాడే మనీ ప్లాంటు, పెద్ద ఆకుల మీద తెల్లని చుక్కలుండే డీఫెన్‌బాకియా, పీస్ లిల్లీ, ఫిలోడెండ్రాన్, సింగోనియం, ఇవన్నీ చామ కుటుంబానికే చెందినవి. చామను మనం ఉడికించి తింటాము, పిల్లి పచ్చిగా కొరుకుతుంది. అంతే తేడా.

ఈ మొక్కలు కొరికిన జంతువు చొంగ కారుస్తూ, ముందుకాలితో మూతిని గీరుకుంటూ, తిండి ముట్టకుండా తిరుగుతుంది. నాలుక, గొంతు వాచి ఊపిరి కష్టం కావడం అరుదు గాని అసంభవం కాదు. డీఫెన్‌బాకియాకు ఇంగ్లీషులో మూగచెరకు అనే అర్థం వచ్చే పేరున్నది. నమిలిన మనిషికి నాలుక వాచి మాట పడిపోయేది కనుక ఆ పేరు వచ్చింది. పాకే బిడ్డ ఉన్న ఇంట ఇది అసలు పనికిరాదు. మనీ ప్లాంటును పైన కట్టి తీగను కిందికి వదలకుండా దారంతో పైకే పాకిస్తే చాలు. దానికై భయపడి పారవేయనక్కరలేదు.

భయపడవలసినవి వేరు. ఒకటి, పూలగుత్తులలో వచ్చే అసలు లిల్లీ. పెద్ద బాకాల వంటి తెల్లని, గులాబీ రంగు పూలు పూసే జాతి. మన సంపెంగనో పీస్ లిల్లీనో అనుకోరాదు. దీని ఆకు, రేకు, పుప్పొడి, చివరకు ఆ పూలుంచిన నీరు కూడా పిల్లి మూత్రపిండాలను రెండు మూడు రోజులలో పాడుచేస్తుంది. ఒంటి మీద రాలిన పుప్పొడిని నాకి శుభ్రం చేసుకోవడమే చాలు. కుక్కకు ఈ అపాయం లేదు, కడుపు నొప్పితో పోతుంది. ఎవరైనా శుభకార్యానికి అటువంటి గుత్తి తెస్తే, పిల్లి ఉన్న ఇల్లు దానిని మర్యాదగా పొరుగింటికి పంపడం మంచిది.

రెండవది, ఇంటి ముందు అందానికి పెట్టే సైకస్. తాటిజాతిది కాకపోయినా సేగో పామ్ అని అమ్ముతారు. దీనిలోని సైకాసిన్ కాలేయాన్ని చెడగొడుతుంది. ఎర్రని గింజలలో విషం అధికం. ఒకటి రెండు గింజలు నమిలిన కుక్క కూడా దక్కకపోవచ్చు. గన్నేరు మాట మీకు తెలిసినదే.

నిశ్చింతగా పెంచుకోదగినవి

ఇన్ని వద్దన్న తరువాత ఏవి పెంచాలో చెప్పకపోతే అన్యాయం. సక్యులెంట్లలో హవోర్తియా మంచిది. చూడటానికి బొమ్మ కలబంద వలె ఉంటుంది, కలబంద సొన ఇందులో ఉండదు. నేరుగా ఎండ తగలని కిటికీ దగ్గర కూడా బతుకుతుంది. గులాబీ ఆకారంలో ఆకులు పేర్చుకొనే ఎచెవేరియా కూడా నిరపాయమైనదే. అయితే కోస్తా ఊళ్ల ఉక్కలో, ముఖ్యంగా వర్షాకాలంలో అది కుళ్లిపోతుంది. ఎంత ముచ్చటపడినా విశాఖ, కాకినాడ వంటి చోట దానికి డబ్బు పెట్టమని నేను చెప్పను. అనంతపురం, హైదరాబాదు వంటి పొడి ప్రాంతాలలో నయం. క్రిస్మస్ కాక్టస్‌కు విషమూ లేదు, గుచ్చే ముళ్లూ లేవు.

ఆకుమొక్కలలో స్పైడర్ ప్లాంటుకు నా మొదటి ఓటు. సన్నని చారల ఆకులు, తీగ చివర వేలాడే పిల్లమొక్కలు. ఇది ఆయుర్వేదంలో వాడే సఫేద్ ముస్లీకి ఒకే ప్రజాతికి చెందిన చుట్టం. పిల్లులకు దీని ఆకులంటే చాలా ఇష్టం. అతిగా తింటే ఒకసారి కక్కుతాయి గాని విషం కాదు. అరెకా పామ్‌ను పేరు చూసి వక్క అనుకునేవారున్నారు. అది మడగాస్కరు దీవి నుండి వచ్చిన వేరొక చెట్టు, కుక్కకూ పిల్లికీ హాని లేనిది. బోస్టన్ ఫెర్న్, కలాథియా, పెపరోమియా, ఆఫ్రికన్ వయొలెట్ కూడా ఈ కోవలోనివే. కడియం వంటి పెద్ద నర్సరీలలో ఇవన్నీ దొరుకుతాయి. కొనేటప్పుడు "లక్కీ ప్లాంటు" వంటి వ్యాపార నామాలతో తృప్తిపడక అసలు పేరు అడిగి రాయించుకొనవలెను. ఆపద వేళ పశువైద్యునికి ఉపయోగపడేది ఆ పేరే.

నీరు, మట్టి, దోమ

పోషణలో రెండు తెగలకూ ఒక్కటే పెద్ద తేడా. సక్యులెంట్లు మన అతిప్రేమతో చస్తాయి, ఆకుమొక్కలు మన మరుపుతో చస్తాయి. సక్యులెంట్లకు అడుగున చిల్లున్న మట్టికుండీ, అందులో ఎర్రమట్టి, ముతక ఇసుక, కొంచెం బాగా చివికిన ఎరువు. వేలు రెండు కణుపుల లోతు గుచ్చి చూసి, పొడిగా ఉంటేనే నీరు పోయవలెను. వర్షాకాలంలో చూరు కిందికి జరపాలి. ఎడారి మొక్క గదా అని మే నెల పడమటి ఎండలో వదిలితే హవోర్తియా ఆకులు మాడి గోధుమ రంగుకు తిరుగుతాయి. ఆకుమొక్కలకు పైమట్టి ఆరినప్పుడల్లా నీరు, వారానికొకసారి ఆకుల మీద దుమ్ము తడిగుడ్డతో తుడవడం, వెలుతురు ఉండి ఎండ లేని చోటు. ఇంతకు మించి వాటికి ఏమీ అక్కరలేదు.

సీసాలో పెంచే మనీ ప్లాంటు, కుండీల కింది పళ్లేలు మాత్రం మరువరాదు. డెంగీ జ్వరాన్ని వ్యాపింపజేసే దోమ ఇటువంటి నిలువనీటిలోనే గుడ్లు పెట్టి, వారం పది రోజులలో రెక్కల దోమగా లేస్తుంది. కనుక ప్రతి వారం ఆ నీటిని పూర్తిగా పారబోసి, సీసా లోపలి అంచు రుద్ది కడిగి కొత్త నీరు పోయవలెను. గుడ్లు ఆ అంచునే అంటిపెట్టుకొని ఉంటాయి. పైపైన నీరు కలిపితే లాభం లేదు.

నమిలిన తరువాత

అప్పటికీ ఏదో కొరికినది అనుకుందాము. నోటిలోని ముక్కలను తీసి తడిగుడ్డతో తుడవండి. మనీ ప్లాంటు జాతి అయితే నీరు గాని ఒకటి రెండు చెంచాల పెరుగు గాని పెట్టవచ్చు. ఏ మొక్క, ఎంత, ఎన్ని గంటలకు అన్నది కాగితం మీద రాసుకొని, మొక్క రెమ్మను సంచిలో వేసుకొని పశువైద్యుని వద్దకు వెళ్లండి. లిల్లీ, సైకస్, రణపాల, గన్నేరు విషయంలో లక్షణాలు కనిపించేదాకా ఆగరాదు. లిల్లీకి మొదటి కొద్ది గంటలలో సెలైను ఎక్కిస్తేనే మూత్రపిండాలు దక్కుతాయి.

ఉప్పునీరు తాగించి కక్కించడం మన ఇళ్లలో అలవాటు. కుక్కకు, పిల్లికి అది చేయరాదు. ఆ ఉప్పే ఒంట్లో హెచ్చి ఫిట్స్ తెప్పిస్తుంది. నొప్పికి పారాసిటమాల్ వేయరాదు. ఆ మందును విరిచివేసే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ, ఒక్క మాత్రతోనే అది చనిపోవచ్చు. ఉల్లి, వెల్లుల్లి రసాలు కుక్కలలోను పిల్లులలోను రక్తకణాలను పగలగొడతాయి. గృహవైద్యం రాసే నేనే గృహవైద్యం చేయవద్దంటున్నానని ఆశ్చర్యపడవద్దు. మన పూర్వులు ఏనుగులకు పాలకాప్యుని హస్త్యాయుర్వేదం, గుర్రాలకు శాలిహోత్రుని అశ్వశాస్త్రం అని విడివిడిగా గ్రంథాలు చేసుకున్నది ఒక ప్రాణి మందు మరొక ప్రాణికి సరిపడదనే గదా.

ఇక పిల్లి ఆకు నమలడం మానదు, అది దాని స్వభావం. దానికొక కుండీ కేటాయించండి. వెడల్పాటి మట్టి మూకుడులో మూడు అంగుళాల మట్టి పోసి, రాత్రంతా నానబెట్టిన గోధుమలు గుప్పెడు చల్లి, పైన పలుచగా మట్టి కప్పి తడి ఆరకుండా చూస్తే వారం పది రోజులలో జానెడు గడ్డి లేస్తుంది. గరిక నాటినా సరే, అయితే రోడ్డు పక్కన మందు చల్లిన చోటి నుండి తేవద్దు. రెండు మూకుళ్లు పెట్టుకొని పది రోజుల తేడాతో విత్తుకుంటే ఒకటి నమిలి ముగిసేసరికి రెండవది సిద్ధంగా ఉంటుంది.